బల్ల మీద కదలని చుక్క

మంచు మీద ఆడే హాకీని నేను ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. చూడకుండానే దాని మీద బతుకుతున్నాను. బహ్రెయిన్‌లో, సనాబిస్‌లో, ఒక మొబైల్ షాపు పై అంతస్తులో మా ఆఫీసు. అమెరికాలోనో కెనడాలోనో రాత్రి జరిగిన ఆట పొద్దున్నే మా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. బొమ్మ రాదు, చప్పుడు రాదు. వచ్చేవి చుక్కలు. ఆటగాళ్ళ చొక్కాల్లో భుజం దగ్గర చిన్న చిప్పు ఒకటి కుట్టి ఉంటుంది. అది ఎటు పోతే తెర మీద చుక్క అటు పోతుంది, పక్కన ఆటగాడి నంబరు. ఆ చుక్కల్లో తప్పులుంటే సరిచేసి, ఎవరు ఎంతసేపు ఆడారు, ఎక్కడినుంచి గోల్ వైపు కొట్టారు, ఏ సమయానికి డీలా పడ్డారు అని లెక్కగట్టి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివినందుకు దేవుడు నన్ను ఈ విధంగా కరుణించాడు.

ఉండేది జిదాఫ్స్‌లో, మార్కెట్ వెనక సందులో ఒక గది. ఆ గదిలో నాతోపాటు జగిత్యాల వైపునుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. నాకంటే బాగా పెద్ద, టైల్స్ పని. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. నాది భీమవరం పక్క. నేను "ఏవండీ, ఏంటండీ" అంటుంటే ఆయన పక్కమీద పడి నవ్వేవాడు. ఆయన లెక్కలో ఇది బహ్రెయిన్ కూడా కాదు, దుబాయి. గల్ఫ్ మొత్తం ఆయనకు దుబాయే. నా పని గురించి చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు, జాలిపడ్డాడు.

"గింత దూరం దుబాయి వచ్చి గిదేం కొలువు తమ్మీ, పొద్దంత చీమలను చూసుకుంట కూసునుడు" అన్నాడు.

ఆ యేడు ఎండలు ముదిరేసరికి అన్నకు ఒక బెంగ పట్టుకుంది. ఆయన తమ్ముడు వేరే కంపెనీలో పని చేస్తూ నువైద్రాత్‌లో క్యాంపులో ఉండేవాడు. అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. తర్వాత ఫోన్ మోగడమే ఆగిపోయింది. రూమువాళ్ళకు చేస్తే, "డ్యూటీల ఉన్నడన్నా, ఫోన్ ఖరాబైంది" అన్నారు. సాయంత్రం చేస్తే ఓవర్‌టైంకు పోయిండన్నారు. ఇంకో రోజు చేస్తే స్నానానికి పోయాడట. అంతకుముందు అన్నదమ్ములకు చిన్న మాట పట్టింపు వచ్చింది. ఈసారి కూడా సెలవు మీద ఇంటికి పోనని తమ్ముడంటే, పెండ్లాం ముఖం మర్చిపోతవురా అని అన్న కసిరాడు. అందుకే అలిగాడని ఆయన నమ్మకం.

"ఏం మాట్లాడకున్నా మంచిదే తమ్మీ. ఒక్కపారి ఫోనెత్తి, అన్నా అని పెట్టేసినా సాలు" అనేవాడు. అన్నం ముందు కూర్చుని ఫోన్ వంక చూస్తూ ఉండేవాడు. ఆయన్ని అలా చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఆ తమ్ముడి మీద.

హాకీలో అవి ప్లేఆఫ్‌ల రోజులు. గెలిచిన జట్టు ముందుకు, ఓడిన జట్టు ఇంటికి. ఆ రోజుల్లో మాకు శుక్రవారం సెలవు కూడా ఉండదు. మా తెలుగు క్రైస్తవ సహవాసం కూడుకునేది శుక్రవారమే, కాబట్టి హాకీ పుణ్యమా అని నాకు ప్రార్థన కూడా తప్పిపోయేది. ఒక శుక్రవారం ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. మధ్యాహ్నం నమాజు వేళ, కింద షాపులన్నీ షట్టర్లు దించేశారు. వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. లోపల ఏసీకి నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుని ఉన్నాను.

ఆ రోజు ఆట విచిత్రంగా ఉంది. ఓడిన జట్టే గోల్ వైపు ఎక్కువసార్లు కొట్టింది. కానీ ఎక్కడినుంచి కొట్టిందో తెర మీద రంగులు వేసి చూస్తే అన్నీ దూరంనుంచి, పక్కలనుంచి కొట్టినవే. గోల్ ముందున్న చోటికి వాళ్ళని రానివ్వనే లేదు. గెలిచిన జట్టు తక్కువ కొట్టింది, కానీ దగ్గరికి వెళ్ళి కొట్టింది. చివరి భాగానికి వచ్చేసరికి గెలుస్తున్నవాళ్ళ చుక్కలు వాళ్ళ గోల్ చుట్టూ దగ్గరగా ముడుచుకుపోయాయి. వాళ్ళ కాళ్ళలో సత్తువ అయిపోయిందని వేగం చెబుతోంది, అయినా వాళ్ళ మధ్య దూరం మాత్రం పెరగలేదు. ఎందుకు పెరగలేదన్నదే రిపోర్టులో అసలు మాట కావాలి. అదే వెతుకుతుంటే ఆ చుక్క కనబడింది.

ఈ ఆటలో మంచు మీద ఒక్కో జట్టుకు ఆరుగురే ఉంటారు. మిగతావాళ్ళు పక్కన బల్ల మీద కూర్చుంటారు. నిమిషం తిరిగేలోపే ఆడేవాళ్ళు అలిసిపోయి బల్ల మీదికి వస్తారు, బల్ల మీదివాళ్ళు దూకుతారు. మంచు మీద చుక్కలు ముదురుగా, బల్ల మీద చుక్కలు మసకగా కనిపిస్తాయి. ఆ బల్ల ఎప్పుడూ కుదురుగా ఉండదు. జరుగుతారు, లేస్తారు, ముందుకు వంగుతారు. గెలిచిన జట్టు బల్ల చివర మాత్రం ఒక మసక చుక్క ఆట మొదటినుంచి కదల్లేదు. బుద్ధి తక్కువ కోచ్ ఎవడో ఒక ఆటగాణ్ణి ఆడించకుండా కూర్చోబెట్టాడేమో అనుకున్నాను. అయినా మనిషి కూర్చుంటే చుక్క కొంచెమైనా ఊగుతుంది. ఊపిరి పీల్చినా, దగ్గినా తెలుస్తుంది. ఇది మేకు దిగ్గొట్టినట్టు ఉంది. నంబరు చూశాను. ఆ రోజు ఆడేవాళ్ళ పేర్లలో ఆ నంబరుకు పేరు లేదు.

చిప్పు పాడై ఉంటుందని తీసేయబోయాను. ఆట ముగిసిన చోటికి వచ్చేసరికి ఆ చుక్క లేచింది. మసకది ముదురైంది. గెలిచినవాళ్ళంతా ఒకచోట గుంపుగా చేరి ఉంటే, ఇది మంచు మీదికి వచ్చి, అంచు వెంబడే, ఎవరూ ఆడనంత మెల్లగా చుట్టూ తిరిగింది. దానికి అంటుకుని ఇంకో చుక్క ఉంది. రెండూ ఒకే వేగం, ఒకే మలుపు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంత వెలుతురులో, ఖాళీ ఆఫీసులో, నాకు నిజంగా భయం వేసింది. కింద వీధిలోకి పోయి నమాజునుంచి వచ్చే మనుషుల్ని చూసేదాకా ఆ భయం పోలేదు.

కస్టమర్‌కు రాసి అడిగాను. మర్నాడు జవాబు వచ్చింది. సీజన్ మధ్యలో ఆ జట్టు ఆటగాడొకడు చనిపోయాడట. ముఖ్యమైన ఆటలన్నిటికీ అతని చొక్కా తెచ్చి బల్ల చివర తగిలిస్తారట. చిప్పు తీసేయడం ఎవరికీ గుర్తులేదు. గెలిచాక కెప్టెన్ ఆ చొక్కాను చేత్తో పట్టుకుని చుట్టూ తిప్పాడు. ఆ చుక్కను తీసేయమని మర్యాదగా రాశారు. తీసేశాను. తీసేశాక బల్ల చివర ఖాళీ నాకు ఇంకా ఎక్కువగా కనబడింది.

సాయంత్రం అన్నకు చెప్పాను. ఆయన కూర కలుపుతూ ఆగిపోయాడు.

"సచ్చిపోయినోని అంగి తెచ్చి, వాని జాగల వాన్ని కూసుండబెట్టిండ్రా? మంచోళ్ళు తమ్మీ" అన్నాడు. మళ్ళీ గరిటె తిప్పుతూ, "ఆ పిలగానికి పెండ్లయిందా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. చుక్కలకు పెళ్ళాం పిల్లల వివరాలు రావు.

ఆ వారంలోనే అన్నకు ఎలాగో సెలవు దొరికింది. తమ్ముడి సైటుకే పోదామన్నాడు. సూపర్‌వైజర్లతో మాట్లాడటానికి నా హిందీ, ఇంగ్లీషు అక్కరకొస్తాయని నన్నూ లాక్కుపోయాడు. సిత్రా దగ్గర పెద్ద బిల్డింగు కడుతున్నారు. గేటు పక్కన కంటైనర్‌లో టైంకీపర్ కూర్చుని ఉన్నాడు, మలయాళీ, మంచి మనిషి. ఫలానా నంబరు మనిషి డ్యూటీలో ఉన్నాడా అని అడిగితే నవ్వి, కంప్యూటర్ మా వైపు తిప్పాడు.

"చూడు భాయ్. హెల్మెట్‌లో చిప్పు ఉంటుంది. ఎవరెక్కడున్నారో ఇక్కడ కనిపిస్తుంది. మీవాడు రోజూ వస్తున్నాడు, ఒక్క పూట కూడా మానలేదు. అదిగో, మూడో అంతస్తు."

తెర మీద బిల్డింగు గీతలు, వాటి మధ్య చుక్కలు, పక్కన నంబర్లు. నా బతుకు నన్ను ఇక్కడ కూడా వదల్లేదని నవ్వుకున్నాను. అన్న మాత్రం రెండు చేతులూ బల్లకు ఆనించి వంగాడు.

"గీడేనా? గీ చుక్కేనా నా తమ్ముడు?" అన్నాడు. వేలు తెచ్చి తెరకు ఆనించాడు. "నడుస్తున్నడు సూడు తమ్మీ. సక్కగ నడుస్తున్నడు." ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. నవ్వుతున్నాడు కూడా. "దొంగనాకొడుకు. బతికే ఉండి ఏడిపిచ్చిండు."

నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఇంకాసేపు ఉండిపోతే బాగుండేది. కానీ కళ్ళకు అలవాటైన పని ఊరుకోదు. ఆ చుక్కకు అంటుకుని ఇంకో చుక్క ఉంది. అది తిరిగితే ఇది తిరుగుతోంది. అది ఆగితే ఇది ఆగుతోంది. ఇద్దరు మనుషులు ఎంత జతగా పని చేసినా, ఒకడు సిమెంటు అందుకోవడానికి వంగుతాడు, ఒకడు బీడీకి పక్కకు పోతాడు. ఈ రెండింటికీ మధ్య జానెడు దూరం మారడం లేదు.

"నిన్నటిది కూడా చూపిస్తారా?" అని టైంకీపర్‌ను హిందీలో అడిగాను. వెనక్కి తిప్పాడు. నిన్నా అంతే. అంతకుముందు రోజు జతగా ఉన్నది వేరే నంబరు, ఇది మాత్రం అలాగే అంటుకుని ఉంది. మధ్యాహ్నం అన్నం వేళ మిగతా చుక్కలు ఒకచోట కూర్చుని కదులుతూ, ఊగుతూ ఉంటే, ఇది గోడ పక్కన ఒంటరిగా ఉంది. మేకు దిగ్గొట్టినట్టు.

అన్న ఇంకా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. చెప్పాలి. ఏమని చెప్పాలి, ఈ చుక్కలో మనిషి లేడని చెప్పాలా? చివరికి టైంకీపర్‌తో, ఇతన్నీ పక్కనున్న నంబరు మనిషినీ ఒకసారి కిందికి పిలిపించమని మాత్రం అన్నాను. అతను వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడాడు.

అన్న తెర ముందునుంచి కదల్లేదు. రెండు చుక్కలూ మూడో అంతస్తులోంచి మెట్ల వైపు వచ్చాయి. "వస్తున్నడు" అన్నాడు. కింది అంతస్తుకు వచ్చాయి. ఆయన కండువాతో ముఖం గట్టిగా తుడుచుకుని, తిట్టడానికి మనిషి ఎలా సిద్ధమవుతాడో అలా గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల వాని సంగతి జెప్త. నువ్వు అడ్డం రాకు తమ్మీ." చుక్కలు గేటు వైపు తిరిగాయి. కంటైనర్ గీత దగ్గరికి వచ్చాయి. వాకిట్లో ఆగాయి. తెర మీద వాకిలి దగ్గర ఆ రెండు చుక్కలే ఉన్నాయి. ఊపిరి తీస్తూ అక్కడ నిలబడ్డ మేం ముగ్గురం దానిలో ఎక్కడా లేం.

అన్న నవ్వు ముఖంతోనే వెనక్కి తిరిగాడు.

వాకిట్లో ఒక్కడే మనిషి. నిర్మల్ వైపునుంచి వచ్చినతను, తమ్ముడి రూములోనే ఉండేవాడు, అన్నకు తెలిసినవాడే. తల మీద ఒక హెల్మెట్ ఉంది. ఎడమ చేతిలో, పట్టీ పట్టుకుని, ఇంకో హెల్మెట్. అన్నను చూడగానే అక్కడే గడపలో కూలబడ్డాడు.

"నా తమ్ముడేడి?" అన్నాడు అన్న. అతని వెనక్కి, గేటు వరకు చూశాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. అక్కడ తమ్ముడి చుక్క ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది. ఆ చూపు నేను ఈ జన్మలో మర్చిపోలేను.

నిర్మల్ అతను ఏడుస్తూ చెప్పాడు. ఒక శుక్రవారం నీళ్ళు వెనక్కి పోయిన వేళ అన్న తమ్ముడు ఒక్కడే ఎండ్రికాయలకని సముద్రం ఒడ్డుకు పోయాడు. సెలవునాడు పోవడం అలవాటే. తిరిగి రాలేదు. అంతకుముందు ఎక్కడో బయట మంచి పని ఉందని మాట్లాడేవాడట, అందుకని కంపెనీ విడిచి పారిపోయాడనుకున్నారు. గల్ఫ్‌లో దానికి ఖల్లివెల్లి అని పేరు.

"పని కుదరక నాలుగొద్దులకు మళ్ళొస్తడనుకున్నమన్నా. డ్యూటీకి రాకుంటె వీసా ఇచ్చిన కఫీల్ పోలీసులకు రాసిస్తడు. రాసిస్తె ఇగ ఖలాస్, వానికి తిరిగొచ్చే తొవ్వ ఉండది. అందుకే రూమోళ్ళం దినమొకలం వాని టోపి పట్టుకొని డ్యూటీ ఎక్కిచ్చినం. నీకు జెప్తె పరేషానైతవని జెప్పలే. వాని మంచికే చేసినమన్నా, నీ కాళ్ళు మొక్కుత."

అతను ఇప్పుడు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు తమ్ముడికి దారి తెరిచి ఉంచారు. రోజూ డ్యూటీలో ఉన్న మనిషి కోసం ఎవరు మాత్రం వెతుకుతారు? కంపెనీ వెతకలేదు, పోలీసులు వెతకలేదు, జిదాఫ్స్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్న అన్న వెతకలేదు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. దేని మీద రావాలో తెలియని కోపం మాత్రం చాలా వచ్చింది.

అన్న వంగి ఆ హెల్మెట్ తీసుకున్నాడు. లోపల చెమట మరకలు పట్టిన గుడ్డను వేలితో తడిమి చూశాడు. టైంకీపర్ ఆ హెల్మెట్ బయటికి తీసుకుపోకూడదని మెల్లగా చెప్పాడు. అన్న ఇచ్చేశాడు.

పోలీస్ స్టేషన్‌కు పోయాం. అక్కడినుంచి ఆసుపత్రికి పంపారు. సముద్రంలో దొరికిన, ఎవరూ అడగడానికి రాని ఒక మనిషి శవాగారంలో ఉన్నాడన్నారు. మర్నాడు పొద్దున చూపించారు. లోపలికి అన్న ఒక్కడే పోయాడు. నన్ను రావద్దన్నాడు, నేనూ బలవంతం చేయలేదు. బయటికి వచ్చి, "వాడే" అని గోడకు ఆనుకున్నాడు. నీళ్ళు తాగమంటే తాగాడు. కాగితాలు అరబ్బీలో రాసి ఇస్తే సంతకాలు పెట్టాడు. ఆ మనిషి దొరికి చాలా రోజులైందని గుమస్తా నాకు ఇంగ్లీషులో చెప్పాడు. అది నేను అన్నకు చెప్పనక్కర లేకపోయింది, లోపల చూసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి వరండాలో నిలబడి ఊరికి ఫోన్ చేశాడు. తమ్ముడి భార్యతో తనే చెబుతానన్నాడు. స్పీకర్ పెట్టుకున్నాడు. చెప్పాడు. అవతల చాలాసేపు ఏడుపు. ఎవరెవరో ఆడవాళ్ళ గొంతులు. తర్వాత ఆ అమ్మాయి గొంతు దగ్గరికి వచ్చింది.

"బావా, ఎప్పుడు పోయిండు? ఏనాటి సంది మైల పట్టాలె?"

అన్న ఫోన్‌ను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"నిజం జెప్పు బావా. మొన్న మా అక్కబిడ్డ పెండ్లికి పోయిన. నిండ పూలు పెట్టుకున్న. గాజులేసుకున్న. పెండ్లిపిల్లకు పసుపు గూడ పెట్టిన బావా, ఈ చేతులతోని. అప్పటికి ఉన్నడా ఆయన?"

వరండాలో జనం పోతున్నారు, వస్తున్నారు. అన్న నా వైపు చూశాడు. ఆ చూపులో ఏమడుగుతున్నాడో నాకు అర్థమైంది.

"ఉన్నడమ్మా" అన్నాడు. "నిన్నటి దాక డ్యూటీ చేసిండు. ఒక్క పూట గూడ ఇడువలేదు. కంపెనీ కంప్యూటర్ల ఉన్నది, నేను నా కండ్లతోని సూసిన. నిన్ననే పోయిండు. నువ్వేం తప్పు చెయ్యలే."

అవతల ఆమె నమ్మడానికి భయపడుతోంది. "నువ్వే సూసినవా? ఇంకెవలన్న సూసిండ్రా?" అంది.

అన్న ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు. నేను రోజంతా తప్పు చుక్కలు ఏరి పారేసేవాణ్ణి.

"నేనూ చూశానమ్మా" అన్నాను. "నిన్న మూడో అంతస్తులో నడుస్తున్నాడు. మెట్లు దిగి, మేమున్న చోటికే వచ్చాడు."